పాత సినిమా ఫ్యాన్ ఎడిట్: మొహాలన్నీ గులాబీ రంగులోకి పోతున్నాయి, పోస్టర్ కూడా కుదరడం లేదు

బత్తాయితోట
80ల మొదట్లో వచ్చిన ఒక పల్లెటూరి సినిమాను నా ఇష్టం కొద్దీ మళ్లీ ఎడిట్ చేస్తున్నాను. పేరు రాస్తే మోడరేటర్ సార్ టాపిక్ లేపేస్తారు, తెలిసినవాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది. కథ మొత్తం తల్లి వైపు నుంచి నడిచేలా కోశాను. కామెడీ ట్రాక్ పోయింది, కొడుకు ఊటీలో పాడుకునే పాటా పోయింది. రెండు గంటల నలభై నిమిషాల బొమ్మ గంటా యాభైకి దిగింది. అంతవరకు బాగానే ఉంది.

రంగుల దగ్గరే దిమ్మ తిరుగుతోంది. నా దగ్గరున్నది పాత డీవీడీ. బొమ్మంతా ఎర్రటి జీర. రంగులు సర్దే సాఫ్ట్‌వేర్ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో వేసి, నెట్‌లో దొరికిన 'సినిమాటిక్' లట్ (రంగులన్నీ ఒకేసారి మార్చే రెడీమేడ్ ఫైలు) ఒకటి తగిలించాను. ఆకాశం పచ్చబడింది, గుట్టలు నారింజ రంగుకు తిరిగాయి, తల్లి మొహం రోజ్ పౌడర్ కొట్టినట్టు అయింది. ఎండలో కలుపు తీసే మనిషి అలా ఉంటుందా?

రెండోది పోస్టర్. ఫోన్‌లో ఏఐ యాప్‌తో ఒకటి చేయించాను. చూసిన దోస్తులు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. రెండింటికీ ఎవరైనా దారి చెప్పండి.

కట్‌కింగ్
ముందు ఆ లట్ పీకెయ్. మిగతాది తరవాత మాట్లాడుకుందాం.

సాగర్‌గట్టు
కామెడీ ట్రాక్ తీసేశావా! మా మేనమామ ఆ సినిమా చూసేదే దానికోసం. ఆయనకు ఈ సంగతి తెలియనివ్వను, పెద్ద ప్రాణం.

పాలమూరు పిలగాడు
లట్ మీద ఎందుకంత కోపం? ఇప్పుడు వచ్చే సినిమాలన్నీ టీల్ (ఆకుపచ్చ కలిసిన నీలం), ఆరెంజే కదా. పాత బొమ్మ పాతగానే ఉంటే మా వయసోళ్లు పది నిమిషాలు కూడా చూడరు.

రీలుడబ్బా
తమ్మీ బత్తాయితోటా, లట్ కన్నా ముందు నీ చేతిలో ఉన్నదేమిటో తెలుసుకో. రీలు మారే చోట, అంటే ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు, కుడివైపు పైమూలన గుండ్రటి చుక్క మెరుస్తుందా? కొద్ది సెకన్ల తరవాత ఇంకోటి? మొదటి చుక్క పడగానే రెండో ప్రొజెక్టర్ మోటారు ఆన్ చేసేవాళ్లం, రెండో చుక్కకు బొమ్మ అటు మార్చేవాళ్లం. ఆ చుక్కలు కనిపిస్తే నీ డీవీడీ నెగెటివ్ నుంచి చేసింది కాదు, థియేటర్లలో ఆడి అరిగిన ప్రింట్ నుంచి చేసింది.

ప్రింట్‌లో మూడు రంగు పొరలు ఉంటాయి. సయాన్, మెజెంటా, పసుపు. ఆ కాలపు ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో ముందుగా వెలిసిపోయేది సయాన్ పొర. అది పోతే మిగిలేది ఎరుపే. డబ్బాను చల్లగా, పొడిగా ఉంచితే కొన్నేళ్లు ఆగుతుంది. మా టాకీస్‌లో డబ్బాలు ఉండేది రేకుల కింద. మే నెలలో దేవరకొండ ఎండకు ఆ గది ఎలా ఉంటుందో ఊహించుకో. కొన్ని డబ్బాలు తెరిస్తే పుల్లటి వెనిగర్ వాసన కొట్టేది. ఫిల్మే కుళ్లడం మొదలైందన్న మాట. రంగు నిలిచే ప్రింట్ ఫిల్మ్ తరవాత వచ్చింది గానీ, పల్లెలకు వచ్చేది పది ఊళ్లు తిరిగిన పాత కాపీయే.

బత్తాయితోట
చుక్కలు ఉన్నాయి అన్నా! ఇన్నాళ్లూ డీవీడీ గీరుకుపోయిందేమో అనుకుంటున్నాను.

రీలుడబ్బా
వాటిని మాత్రం చెరపకు. మా ఉద్యోగానికి మిగిలిన గుర్తులు అవే.

నోడుమాస్టర్
రీలుడబ్బా గారు చెప్పినదాన్నిబట్టి పని వరస ఇలా పెట్టుకో.

స్కోప్స్‌లో, అంటే రంగుల్ని కొలిచి చూపే గ్రాఫుల్లో, పరేడ్ తెరువు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా కనిపిస్తాయి. నీ ప్రింట్‌లో ఎరుపు భాగం కిందికి దిగకుండా పైన ఇరుకుగా కూర్చుని ఉంటుంది. సయాన్ పొరే తెర మీద ఎరుపును అడ్డుకునేది కాబట్టి, అది వెలిసిపోతే నల్లటి చోట్ల నుంచి కూడా ఎరుపు కారుతుంది. ముందు లిఫ్ట్‌లో (చీకటి భాగాలను సర్దేది) ఎరుపు ఒక్కదాన్నే దించు. తల్లి జుట్టు, గొడుగు లాంటి చోట మూడూ ఒకే మట్టానికి రావాలి. తరవాత గెయిన్‌తో పై భాగం, అంటే వెలుగు చోట్లు, సర్దు. మధ్య వెలుగును సర్దే గామా ఆఖరున.

ఇంతా చేశాక కూడా ఎరుపులో వివరం ఉండదు, చదునుగా ఉంటుంది. దానికి ఇంకో నోడ్‌లో (నోడ్ అంటే ఒక మార్పుకు ఒక మెట్టు) ఆర్‌జీబీ మిక్సర్, ఒక రంగు చానల్‌లో ఇంకోదాన్ని కలిపేది. రెడ్ అవుట్‌పుట్‌లో ఎరుపు 0.75కి తగ్గించి, ఆకుపచ్చ 0.25 కలిపి చూడు. ఆకుపచ్చ చానల్‌లో వివరం చెడిపోకుండా ఉంటుంది, అది ఎరుపుకు అరువు వస్తుంది. అరువు ఊరికే రాదు, రంగులు నీరసిస్తాయి. ఎంత కలపాలన్నది ఒక్కో షాట్‌కు నీ కన్ను చెప్పాల్సిందే.

డీవీడీ అంటే 8 బిట్, రంగుకు ఉండే మెట్లు తక్కువ. ఎక్కువ లాగితే ఆకాశంలో మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. నాయిస్ రిడక్షన్ ఫ్రీ వెర్షన్‌లో రాదు, ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్న రవ్వ) కూడా రాదు. గ్రెయిన్ క్లిప్ ఒకటి సంపాదించి పైన ఓవర్‌లేగా పరిస్తే ఆ మెట్లు కొంత కలిసిపోతాయి.

పాలమూరు పిలగాడు
ఇంత పని చేసి చివరికి వచ్చేది పాత బొమ్మేనా?

నోడుమాస్టర్
అవును. పాతదే, రోగం లేని పాతది.

కట్‌కింగ్
పిలగాడూ, టీల్-ఆరెంజ్ అనేది మనిషి చర్మాన్ని నారింజ వైపు, వెనకున్నదాన్ని నీలం వైపు తోసి మనిషి ముందుకు కనిపించేలా చేసే చిట్కా. నగరంలో, రాత్రి పూట, గాజు బిల్డింగుల మధ్య బాగుంటుంది. మన దగ్గర వెనకున్నదేమిటి? ఎర్ర చెల్క, ఎండిన గడ్డి, గుట్ట. మొహమూ, నేలా రెండూ ఆరెంజ్‌లోకే పోతాయి. ఇక దేన్ని దేని నుంచి విడదీస్తావు?

పాలమూరు పిలగాడు
చెల్కను క్వాలిఫయర్‌తో, అంటే దాని రంగును బట్టి పట్టి, వేరు చేస్తా.

కట్‌కింగ్
డీవీడీ మీద క్వాలిఫయర్ పెట్టి చూడు. అంచుల చుట్టూ చీమలు పాకుతాయి.

బత్తాయితోట
నోడుమాస్టర్ సార్ చెప్పినట్టే చేశాను. ఎర్ర జీర పోయింది, నిజంగా ఆశ్చర్యంగా ఉంది. గుడి మెట్ల సీన్‌లో ఇంతకుముందు కనిపించని రాతి గీతలు కూడా బయటపడ్డాయి. కానీ మొహాలు ఇప్పుడు ఆలివ్ వైపు, కామెర్లు వచ్చినట్టు ఉన్నాయి. వైట్ బ్యాలెన్స్‌కు ఏ తెలుపు పట్టుకోవాలి? ఇంటి ముందు సీన్‌లో తెల్ల గోడ ఉంది, తండ్రి కట్టుకున్న పంచె ఉంది.

సాగర్‌గట్టు
గోడ పట్టుకో, ఈజీ.

కట్‌కింగ్
తెల్లనివన్నీ పాలు కావు. ఊళ్లో గోడకు కొట్టే సున్నంలో నీలిమందు వేస్తారు. పంచెకు చాకలి నీలి పెడతాడు. ఆ గోడను అసలు తెలుపు అనుకుని సరిచేస్తే ఆ నీలం పోవడానికి సాఫ్ట్‌వేర్ బొమ్మ మొత్తం మీద పసుపు పోస్తుంది. నీ కామెర్లు అక్కడినుంచే వచ్చి ఉంటాయి.

బత్తాయితోట
గోడ మీదే క్లిక్ చేశాను 😐

చిటికి
పోస్టర్ సంగతి చూద్దామని వచ్చి ఆగిపోయాను. మీరు పెట్టిన స్టిల్‌లో తండ్రి భుజం మీద ఉన్నది మామూలు తువ్వాలు కాదు, తేలియా రుమాలు. మాది పుట్టపాక, మా ఇంట్లో నేసేవాళ్లు ఉన్నారు. 2020లో దానికి జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకు అని చట్టం ఇచ్చేది) కూడా వచ్చింది.

ఆ నూలును ఆముదం కాయల బూడిద నీళ్లలో, నూనెలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెడతారు. రంగు పట్టడానికి ఆ నూనె కావాలి, పేరు కూడా దానివల్లే వచ్చింది. పాత పద్ధతి రుమాలులో ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగు ఉండదు. కాబట్టి మీకు రంగు తెలిసిన గుడ్డ ఒకటి బొమ్మలోనే దొరికింది. ఆ ఎరుపు గులాబీ వైపు పోదు, కొంచెం గోధుమ కలిసిన ముదురు ఎరుపు. అది సరిగ్గా వచ్చేదాకా సర్దండి.

ఒక జాగ్రత్త. అందులో తెలుపును మాత్రం తెలుపుగా లెక్కపెట్టకండి. నూనె తాగిన నూలు అది, మీగడ రంగులో ఉంటుంది.

రీలుడబ్బా
అక్కా, నీ కంటికి దండం. ఆ సినిమా ఎన్ని ఆటలు వేశానో, ఆ గుడ్డ వంక ఒక్కసారీ చూడలేదు.

నోడుమాస్టర్
ఇది బాగుంది. నలుపు గొడుగు నుంచి, ఎరుపు రుమాలు నుంచి తీసుకో. తెలుపును వదిలెయ్, అదే వస్తుంది. స్టిల్ గ్రాబ్ చేసి పెట్టుకుని ఆ వెలుతురులో తీసిన మిగతా షాట్లను దానితో పోల్చు.

మొహాలకు వెక్టర్‌స్కోప్‌లో (ఏ రంగు ఏ దిక్కున ఉందో చూపే గుండ్రటి గ్రాఫ్) స్కిన్ టోన్ లైన్ ఉంటుంది కదా, మనిషి నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా చర్మం దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది. తేడా వెలుగులోనే గానీ దిక్కులో కాదు. చామనఛాయ మనిషిని ఆ గీత మీదికి తెచ్చి, వెలుగు పెంచకుండా ఆగు. చాలామంది అక్కడ ఆగరు.

బుడ్డగిన్నె
ఆగరు అన్నది నిజం. పోయినేడు మా చెల్లె పెళ్లి వీడియో ఎడిట్ చేసినవాడు మా నాయనను గుర్తుపట్టకుండా చేశాడు. ముప్పై ఏళ్లు ఎడ్లబండి తోలిన మనిషి మొహం పెళ్లికూతురు కన్నా తెల్లగా ఉంది. అడిగితే 'బ్యూటీ మోడ్ ఫ్రీగా వేశాను' అన్నాడు.

సాగర్‌గట్టు
ఫ్రీగా వేశాడంటే మంచోడే 😂

పాలమూరు పిలగాడు
ఆ నటి అప్పట్లో పాన్‌కేక్ మేకప్ వేసుకునే కదా నటించింది. నువ్వు ఎంత సరిచేసినా మొహం ఒక రంగు, మెడ ఒక రంగు. అది కూడా 'అసలు రంగే' అంటారా?

చిటికి
అంటాను. ఆ రోజు కెమెరా ముందు ఉన్నది అదే.

కట్‌కింగ్
నేను అననక్కా. మెడకు విండో (ఆ భాగాన్ని మాత్రమే మార్చే చుట్టుగీత) పెట్టి కొంచెం కలుపుతాను. మేకప్ తేడా చూపించాలని దర్శకుడు అనుకుని ఉండడు.

నోడుమాస్టర్
కట్‌కింగ్‌తో ఒప్పుకోను. దర్శకుడు ఏమనుకున్నాడో ఊహించడం మొదలుపెడితే దానికి అంతుండదు. ప్రింట్‌కు పట్టిన రోగం కుదర్చాలి, మనిషిని ముట్టుకోవద్దు.

కట్‌కింగ్
సార్, తమ్ముడు కామెడీ ట్రాకే లేపేశాడు. మెడ దగ్గర మడి కట్టుకుంటే ఎలా?

బత్తాయితోట
😄 ఇంకో చిక్కు. కోతలో వరస మారడం వల్ల బావి దగ్గరి సీన్ ఇప్పుడు రాత్రి జరగాలి. తీసింది మాత్రం పట్టపగలు. నీలం వేసి చీకటి చేశాను, ఎండలో నల్లద్దాలు పెట్టుకుని చూసినట్టే ఉంది.

కట్‌కింగ్
నీలం తగ్గించు, రంగు మొత్తం తగ్గించు. ఆకాశం ఉన్న షాట్లు పక్కన పెట్టు. పగటి ఆకాశం ఎంత దించినా ఆకాశమే, మనిషి కన్నా వెలుగుగానే ఉంటుంది. జూమ్ చేసి ఆకాశాన్ని కోసెయ్యకు, డీవీడీలో ఉన్నదే మహా అయితే 576 గీతలు. నీళ్లలో నీడ, చేద, చేతులు, అలాంటి దగ్గరి షాట్లతో నడిపించు. మిగతా రాత్రిని కీచురాళ్ల సౌండ్ చూసుకుంటుంది.

బుడ్డగిన్నె
మధ్యాహ్నం తీసిన సీన్ కదా, నీడలు కాళ్ల కిందే ఉంటాయి. చూసేవాళ్లు పట్టేస్తారు.

రీలుడబ్బా
ఎందుకు పడతారు? చలికాలంలో పున్నమి నాడు అర్ధరాత్రి బయటికొచ్చి చూడు, చంద్రుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు. నీడ కాళ్ల కిందే.

సాగర్‌గట్టు
నీడల పంచాయితీ ఏదైనా ఉంటే పానగల్లు ఛాయా సోమేశ్వరుడి దగ్గరికి తీసుకుపోవాలి. అక్కడ గర్భగుడిలో పడే నీడ ఏ స్తంభానిదో తేల్చడానికే జనం తల పట్టుకుంటారు.

ఫ్లెక్సన్న
పోస్టర్ సంగతి ఎవరూ ఎత్తడం లేదేంది? పాలమూరులో ఫ్లెక్స్, డీటీపీ షాపు నాది. తమ్మీ, నువ్వు పెట్టిన ఏఐ బొమ్మ చూశాను. తల్లికి ఎడమ చేతికి ఆరు వేళ్లు. టైటిల్ దగ్గర రాసి ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగులా కనిపించే జిలేబీలు. ఒక్క అక్షరానికే మూడు గుడులు. వెనక మంచు కొండలు ఎందుకు ఉన్నాయి?

బత్తాయితోట
'తెలంగాణ గుట్టలు' అని రాశాను అన్నా. దానికి గుట్ట అంటే అదే అనుకుంటా.

కట్‌కింగ్
మన గుట్టలు ఒక బండ మీద ఇంకో బండ నిలబెట్టినట్టు ఉంటాయి, ఎవరు పెట్టారో తెలియనట్టు. భువనగిరి దారిలో పోతూ ఫోన్‌తో ఫొటో తీసుకున్నా పోస్టర్‌కు పనికొస్తుంది.

ఫ్లెక్సన్న
అక్షరాలకు నా సలహా. మా షాపుల్లో అందరం అను ఫాంట్స్‌లో కొడతాం, అవి యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నిట్లో ఒకేలా చదివే అక్షర పద్ధతి) కావు. నువ్వు ఫోన్‌లో టైపు చేసి పంపితే మా దగ్గర అక్కరకు రావు, మేము చేసిన మ్యాటర్ నీ దగ్గర చదవరాదు. నువ్వు యూనికోడ్‌లోనే చేసుకో. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కకు పడుతుంటే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టు, సర్దుకుంటాయి. డబ్బులు పెట్టొద్దంటే ఇంక్‌స్కేప్, అందులో ఒత్తులు వాటంతటవే కుదురుతాయి.

ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. లావుగా, గట్టిగా కావాలంటే రామభద్ర. టైటిల్‌కు హుషారుగా కావాలంటే రవిప్రకాష్. సురవరం అని ఒకటుంది, మన పాలమూరు పెద్దాయన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు. అది కూడా చూడు.

రీలుడబ్బా
పాత పోస్టర్లకు ఫాంట్ ఎక్కడిది? టైటిల్ చేత్తో రాసేవాళ్లు. బాపు గారు, ఈశ్వర్ గారు లాంటివాళ్లు చేసిన పోస్టర్లలో సినిమా ఏ బాపతో ముందు అక్షరాన్ని చూసే తెలిసేది. మా ఊరికి వచ్చిన వాల్‌పోస్టర్లను మైదా గంజితో అంటించేవాళ్లం. పొద్దున అంటిస్తే సాయంత్రానికి ఆవులు తినేవి. అందుకని గంజిలో మైలుతుత్తం కలిపేవాళ్లం.

సాగర్‌గట్టు
ఆవులకు నచ్చిన పోస్టర్ హిట్టా ఫ్లాపా అన్నా?

రీలుడబ్బా
ఆవులకు హీరో తేడా లేదు బాబూ, మైదా ఉంటే చాలు.

పాలమూరు పిలగాడు
పోస్టర్‌కు నా ఐడియా: తల్లి మొహం పెద్దగా, కింద కొడుకు, తండ్రి, దొర చిన్నగా. వెనక మంట. పక్కా మాస్.

కట్‌కింగ్
సినిమాలో మంటే లేదు.

పాలమూరు పిలగాడు
పోస్టర్‌లో ఉంటే తప్పా?

చిటికి
రుమాలునే పోస్టర్ చేయొచ్చు కదా. తేలియా రుమాలు చదరంగా ఉంటుంది, చుట్టూ అంచు, మధ్యలో గళ్లు. ఆ గళ్లలో ఒకదాంట్లో తల్లి బొమ్మ, మిగతావి ఖాళీ. ఎరుపు, నలుపు, మీగడ, ఈ మూడు రంగులే. సినిమా తల్లిదైతే పోస్టర్‌లో ముగ్గురు మగవాళ్ల మొహాలు ఎందుకు?

వేసేవాళ్లకు ఒక మాట. మా డిజైన్ అంటూ నెట్‌లో అమ్మే ప్యాటర్న్‌లలో గళ్ల అంచులు కత్తిరించినట్టు ఉంటాయి. నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తరవాత నేస్తారు. మగ్గం మీద పోగు కొద్దిగా అటూ ఇటూ జరుగుతుంది. అందుకని ప్రతి ముద్ద అంచు మసకగా, చిన్న చిన్న పళ్లలా పైకీ కిందికీ సాగి ఉంటుంది. అంచు నున్నగా వేస్తే అది ప్రింటెడ్ గుడ్డ, రుమాలు కాదు.

ఫ్లెక్సన్న
ఇది మస్తుంది. మూడు రంగులంటే ప్రింటింగ్‌లో కూడా మోసం ఉండదు. స్క్రీన్ మీద ధగధగలాడే ఎరుపు సీఎంవైకే (ప్రింటు సిరా రంగులు) లోకి వచ్చేసరికి ఎలాగూ చల్లబడుతుంది. ఈ ఎరుపు ముందే చల్లగా ఉంది.

పాలమూరు పిలగాడు
సరే, ఓడిపోలేదు గానీ ఇది బాగుంది. పాత రుమాళ్లలో విమానాలు, గడియారాల బొమ్మలు కూడా వేసేవాళ్లట కదా. ఒక గడిలో విమానం పెట్టండి.

చిటికి
వేసేవాళ్లు, నిజమే. ఈ కథలో విమానం ఏది తమ్ముడూ?

పాలమూరు పిలగాడు
కొడుకు ఊటీకి దేంట్లో పోయాడు మరి?

కట్‌కింగ్
ఆ పాట తీసేశారు, నీ విమానం కూడా రద్దు.

మోడరేటర్
అందరికీ గుర్తు చేస్తున్నాను. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 80ల సినిమా అంటే 2040ల దాకా హక్కుదారులదే. పాట రాసినవాళ్ల హక్కు వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. 'ఫ్యాన్ ఎడిట్', 'లాభం కోసం కాదు' అని రాసుకున్నంత మాత్రాన మినహాయింపు రాదు. ఇక్కడ లింకులు, డౌన్‌లోడ్లు వద్దు. చర్చకు అవసరమైన స్టిల్ ఒకటీ రెండూ చాలు.

బుడ్డగిన్నె
మరి 1957 నాటి మాయాబజార్‌కు 2010లో రంగులు వేసి థియేటర్లలో వదిలారు కదా సార్?

మోడరేటర్
వాళ్లు హక్కులు కొనుక్కుని చేశారు. బత్తాయితోట గారు కొన్నట్టు ఎక్కడా రాయలేదు.

బత్తాయితోట
నా దగ్గర డీవీడీ కొన్న డబ్బులే లేవు సార్, అది మా బాబాయిది. ఎక్కడా ఎక్కించను. ఇంట్లోవాళ్లకు, ఇద్దరు ముగ్గురు దోస్తులకు నా ల్యాప్‌టాప్‌లోనే చూపిస్తాను.

ఫ్లెక్సన్న
అయితే పోస్టర్ బజారులో కట్టేది కాదన్న మాట. ఫ్లెక్స్ వద్దు తమ్మీ. 12x18 అంగుళాల ఆర్ట్ పేపర్ మీద డిజిటల్ ప్రింట్ తీసుకో, గోడకు చాలు.

బత్తాయితోట
కొత్త స్టిల్ పెట్టాను, ఇంటి ముందు సీన్. గొడుగు నలుపు మీద లిఫ్ట్, రుమాలు ఎరుపు మీద గెయిన్. మిక్సర్‌లో ఆకుపచ్చ 0.25 ఎక్కువైంది, 0.15 దగ్గర ఆగాను. గోడ ఇప్పుడు లేత నీలంగా కనిపిస్తోంది, దాన్ని ముట్టుకోలేదు. చిటికి అక్కా, ఎరుపు సరిపోయిందా?

చిటికి
ఎండలో ఉన్న కొసన సరిపోయింది. భుజం వెనక నీడలో ఉన్న మడత ఇంకా ఊదా వైపు పోతోంది.

నోడుమాస్టర్
నీడల్లో ఎరుపుతో పాటు నీలం కూడా కొంచెం ఎత్తుగా ఉండిపోయినట్టుంది. లిఫ్ట్‌లో నీలం ఒక పిసరు దించు. గోడ నీలం తగ్గకుండా చూసుకో, అది పైన ఉంటుంది కాబట్టి పెద్దగా కదలదు.

కట్‌కింగ్
మెడ?

బత్తాయితోట
మెడ అలాగే వదిలేశాను అన్నా.

కట్‌కింగ్
సర్లే. నా సినిమా కాదు.

ఫ్లెక్సన్న
పోస్టర్ అయ్యాక టిఫ్ ఫైల్ పంపు, సైజు 12x18, 300 డీపీఐ. ఇంక్‌స్కేప్ ఫైలే పంపేటట్టయితే టైటిల్‌ను పాత్‌గా (అక్షరాన్ని బొమ్మ గీతగా) మార్చి పంపు, లేకపోతే మా సిస్టమ్‌లో డబ్బాలు వస్తాయి. శనివారం అయితే మిషన్ ఖాళీగా ఉంటుంది, ఆదివారం పెళ్లి బ్యానర్లు ఉన్నాయి.